చీపురు తగలని మూల

ఆ ఇంట్లో చీపురు తగలని మూల ఒకటి ఉండేది. వంటింటి వెనక, మేడమెట్ల కింద, నీళ్ల పంపు పక్కన. మిగతా ఇల్లంతా గచ్చు మీద పడ్డ మెతుకును ఏరుకు తినొచ్చు అన్నట్టుండేది. ఆ మూలకొచ్చేసరికి మాత్రం బూజు తెరలు తెరలుగా వేలాడేది. సాలీళ్లు ఇంటల్లుళ్లలా కాళ్లు బారజాపుకుని కూర్చునేవి.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, మంచిపేరు కొట్టేద్దామని కొంగు నడుముకు బిగించి, బూజుకర్ర పట్టుకుని ముందు ఆ మూలకే వెళ్లింది. అత్తగారు పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా అమ్మా, ఆగు! అక్కడ మాత్రం చెయ్యి పెట్టకు."

"బూజు అత్తయ్యా."

"తెలుసులే. ఉండనీ."

"పురుగూ పుట్రా చేరుతుంది కదా."

"చేరనీ. వాటికీ ఓ కొంప ఉండాలిగా," అని నవ్వేశారు. ఈలోపు పాలు పొంగిపోయాయి.

అంతకుమించి కారణం ఆవిడ చెప్పలేదు, ఈమె అడగలేదు. అడగడం మాని కారణం తనే అల్లుకుంది. పెద్దావిడకు నడుము వంగదు, పైకి చెప్పుకోవడం నామోషీ, అందుకే ఈ వంక. ఆ మాట కడుపులో దాచుకున్నా బాగుండేది. పంపు దగ్గర బట్టలు జాడిస్తూ పక్కింటావిడ చెవిన వేసింది. ఆ పక్కింటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. కొద్దిరోజుల్లోనే వీధి వీధంతా పెద్దావిడకు 'బూజులత్తయ్య' అని పేరు పడిపోయింది. కూరగాయల బండివాడు సైతం ఒకరోజు నోరుజారి, "బూజులత్తయ్యగారూ, వంకాయలు లేతగా ఉన్నాయండీ," అన్నాడు. అని నాలిక కరుచుకున్నాడు. ఆవిడ ఏమీ విననట్టే వంకాయలు ఏరుకుని లోపలికొచ్చారు. ఆ పేరు ఎక్కడ పుట్టిందో ఆవిడకు తెలుసో లేదో కోడలికి ఇప్పటికీ తెలియదు.

మామగారికి మాత్రం వీధిలో గొప్ప పేరు. గురి చూడటానికి తుపాకీ మీద బిగించే స్కోపులు బాగుచేయడం ఆయన పని. షూటింగ్ క్లబ్బువాళ్లు, అడవిలో కాపలా తిరిగేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ముందుగదే ఆయన దుకాణం. గుమ్మంలో తడిగుడ్డ, లోపల తెల్లగుడ్డ పరిచిన బల్ల. ఎండ మండిపోతున్నా ఆ గదిలో ఫ్యాను తిరగకూడదు. కాళ్లు కడుక్కోకుండా ఎవరూ లోపలికి రాకూడదు. అసలు అత్తగారు తప్ప ఇంకెవరూ రాకూడదు. "సామాను అందించడానికి ఒక మనిషి కావాలిగా," అనేవారు మామగారు. ఇద్దరూ తలుపేసుకుని గంటలకొద్దీ ఉండేవారు. వంటింట్లోంచి కోడలు, "పిల్లలున్న ఇంట్లో ఈ వయసులో ఏం ముచ్చట్లో," అని మొగుడి దగ్గర మూతి తిప్పేది. పొద్దున బస్సెక్కితే పొద్దుగూకి దిగే డ్రైవరు అతను. "ఎవరి తిప్పలు వాళ్లవి, నీకెందుకే," అని దుప్పటి కప్పుకునేవాడు.

స్కోపులో కన్ను పెట్టి చూస్తే మధ్యలో రెండు సన్నటి గీతలు అడ్డంగా, నిలువుగా కనిపిస్తాయి. అవి కలిసే చోటే గురి. ఇప్పటివాటికి ఆ గీతలు గాజు మీదే చెక్కి వస్తున్నాయి. పాతవాటిలో నిజంగానే రెండు పోగులు లాగి కట్టి ఉండేవి. తుపాకీ అదురుకు ఎప్పుడో ఒకప్పుడు తెగేవి. ఆ పోగులు మళ్లీ కట్టడంలో మామగారిని మించినవాడు లేడనేవారు. ఎక్కడిదండీ ఇంత సన్నటి తీగ అంటే, "విదేశాల్నుంచి తెప్పిస్తాను," అని మీసం సవరించుకునేవారు.

అలాంటి ఇంట్లో అత్తగారికి దగ్గు పట్టుకుంది. దగ్గే కదా అనుకున్నారు. ఆసుపత్రికి నడిచి వెళ్లిన మనిషి నడిచి తిరిగి రాలేదు.

చుట్టాలు వస్తారని కబురు తెలిసింది. కోడలు కళ్లు తుడుచుకుంటూనే చీపురు పట్టింది. నలుగురూ వచ్చే ఇల్లు. పోయినావిడ మీద ఇక ఒక్క మాట కూడా పడకూడదు. వచ్చినవాళ్లు చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళతారు, ఆ మూల చూస్తారు, మొహాలు మొహాలు చూసుకుంటారు. అలా జరగనివ్వకూడదనుకుంది. బూజంతా దులిపి, మెట్ల అడుగు కూడా గీకి, ఫినాయిల్ పోసి కడిగింది. అత్తగారికి తన చేతులారా చేస్తున్న ఆఖరి సేవ అనుకుని వెక్కివెక్కి ఏడుస్తూ కడిగింది.

చుట్టాలు వచ్చారు, వెళ్లారు. ఇల్లు అద్దంలా ఉందని మెచ్చుకున్నారు కూడా.

కొన్ని వారాలు గడిచాక క్లబ్బులో నేర్పే తుపాకీ మాస్టారు వచ్చాడు. అతని పాత స్కోపు అత్తగారు ఆసుపత్రికి వెళ్లకముందు నుంచీ బల్ల మీద బోర్లించిన గాజుగిన్నె కింద ఉంది. అడగాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే తచ్చాడాడు.

"తొందరేం లేదండీ మేస్త్రిగారూ. పోటీలు దగ్గరికొస్తున్నాయి గాని, మీ పరిస్థితి తెలియనిది కాదు. కొత్తవి బోలెడు ఉన్నాయి. నా పాడు కంటికే ఇది తప్ప ఇంకోటి ఆనదు."

"చేసిస్తాను. ఎల్లుండి రండి," అన్నారు మామగారు.

మాస్టారు వెళ్లగానే మామగారు పంగలకర్ర లాగా వంచిన చిన్న తీగ ఒకటి పట్టుకుని పెరట్లోకి నడిచారు. మెట్ల కిందికి వంగి చూశారు. చాలాసేపు అలా వంగే ఉన్నారు.

"అమ్మాయ్. ఇక్కడ బూజు ఏమైంది?"

"దులిపేశాను మామయ్యా. అప్పుడే, చుట్టాలొస్తారని."

"మొత్తమా?"

"ఫినాయిల్ పోసి కడిగాను."

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. "మీ అత్తయ్య నీకేం చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

"చెప్పదులే. చెప్పొద్దన్నది నేనేగా." ఆయన లేచారు. "కాళ్లు కడుక్కుని రా."

ఇన్నేళ్లలో ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. ఆయన గాజుగిన్నె తీశారు. స్కోపు విప్పి ఉంది. గొట్టం ఒక పక్క, అద్దాలు మెత్తటి గుడ్డలో, మరలు మూతలో. ఇత్తడి ఉంగరం లాంటిది ఒకటి చిన్న పట్టకారుతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూపించారు. దానికి అడ్డంగా ఒక్కటే పోగు. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"ఇది మీ అత్తయ్య కట్టింది. రెండోది కట్టేలోపు దగ్గు ఆపుకోలేక బయటికి పోయింది. మళ్లీ ఈ కుర్చీలో కూర్చోలేదు."

"అత్తయ్యా? ఇది విదేశీ తీగ కదా?"

"ఏ విదేశమూ కాదు. మెట్లకింద దేశమే." ఆయన నవ్వబోయారు, నవ్వు రాలేదు. "సాలీడును ఈ తీగపంగ మీద ఎక్కించి దులిపితే దారం వదులుతూ జారుతుంది. ఆ దారాన్ని చుట్టుకోవాలి. నా చేతులు మోటువి, నాకెప్పుడూ రాలేదు. దానికి మొదటిరోజే వచ్చింది. మొదట్లో ఒకాయనకు నిజం చెప్పేశాను. సాలెగూడుకా ఇంత డబ్బు అని వీధిలో నిలబడి అరిచి స్కోపు లాక్కుపోయాడు. అప్పట్నుంచి విదేశీ తీగ అన్నాను. నువ్వు కూడా ఎవరితోనూ అనకే అని దానితో అన్నాను. అనలేదు, మహాతల్లి. నన్ను చూసి వీధంతా మేస్త్రిగారు, మేస్త్రిగారు అన్నారు. దాన్ని బూజులత్తయ్య అన్నారు. నా చెవులతో విన్నాను. విని కూడా, పోనీలే, గుట్టు దాగిందని ఊరుకున్నాను. ఆ పేరు పెట్టిన నోరు ఎవరిదో గాని..."

 నేనే మామయ్యా అన్న మాట కోడలి గొంతుదాకా వచ్చింది. గుటక వేసి మింగేసింది.

"ఈ పోగు పోకుండా పక్కన రెండోది కట్టాలని ఉందమ్మా," అన్నారాయన. "ఇది బయటికి వెళ్లాలి. దాని చేతి పని ఇదే ఆఖరు. ఇంకొకాయన కంటి ముందు ఇంకొన్నాళ్లు ఉంటుంది."

"సాలీడును నేను తెస్తాను," అంది కోడలు.

తెస్తానన్నంత తేలిక కాలేదు. తన ఇంట్లో ఎక్కడా బూజు లేకుండా కాపురం చేసిన ఇల్లాలికి సాలీడు ఎక్కడ దొరుకుతుంది? మంచాల కింద పాకింది. అటక ఎక్కింది. చివరికి గాజుగ్లాసు కొంగుచాటున పెట్టుకుని పక్కింటికి వెళ్లింది.

"వదినా, మీ ఇంట్లో బూజుందా?"

పక్కింటావిడ చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. "పొద్దున్నే ఏం మాటలివి! మా ఇంట్లో బూజేంటి? మీ మెట్లకింద అనుకున్నావా?"

"అది కాదు వదినా. ఒక్క సాలీడు కావాలి."

"దేనికి?"

"ఊరికే."

"ఊరికే సాలీడు కావాలా! చక్కెర అడిగేవాళ్లని చూశాను, నిప్పెట్టె అడిగేవాళ్లని చూశాను. అయితే అత్తగారి గాలి సోకిందన్నమాట. బూజులత్తయ్య పోయింది, బూజులకోడలు దిగింది!" ఆవిడ పడీపడీ నవ్వింది. "అయినా ఆవిడకు నడుము వంగదు అన్నావు నువ్వే. మరి నీకేం వచ్చింది?"

గోడకు కొట్టిన బంతి తిరిగొచ్చి మొహానికి తగిలినట్టైంది. గుట్టు విప్పితే చాలు, ఆ నవ్వు ఆగిపోతుంది. కాని అది మామగారి గుట్టు. తల వంచుకుని నిలబడింది. ఇలా ఎన్నిసార్లు నిలబడి ఉంటుందో అత్తయ్య అనుకుంది.

ఆ తలవంపు చూసి పక్కింటావిడకే జాలేసింది. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "స్నానాలగది కిటికీలో ఒకటుంది. రోజూ దులుపుదామనుకుంటున్నా, తీరక... ఎవరితోనూ అనకు వదినా, నీకు పుణ్యముంటుంది."

సాలీడు గ్లాసులో వచ్చింది. మామగారు చెబుతుంటే కోడలు చేసింది. తీగపంగ మీద ఎక్కించి చిన్నగా దులిపింది. అది జారింది. దారం కంటికి ఆనలేదు, వేలికి ఆనింది. మొదట్లో చుట్టిందల్లా తెగింది. కాస్త చెయ్యి కుదిరాక తీగపంగ మీద వరసలు నిలిచాయి.

"ఇప్పుడు పోగు రెండు కొసలకూ మైనం ఉండలు అంటించు. ఆ బరువుకు అదే బిగుతుగా నిలబడుతుంది. ఉంగరం మీద ఆ గాట్లలో దించాలి. దించి లక్క చుక్క పెడితే అయిపోయినట్టే. ఊపిరి బిగబట్టు. మీ అత్తయ్య బిగబట్టేది."

ఆమె ఊపిరి బిగబట్టి వంగింది. కింద అడ్డంగా అత్తగారి పోగు. ఆవిడ ఆఖరిసారి ఊపిరి బిగబట్టింది కూడా ఇక్కడేనేమో అనిపించింది. అంతే, ఎక్కడినుంచి వచ్చిందో ఏడుపు గొంతులో ఎగిసింది. చెయ్యి కదిలింది. మైనం ఉండ ఊగి వెళ్లి ఆ పాత పోగుకు తగిలింది.

చప్పుడేమీ కాలేదు. ఉన్న పోగు లేదు.

"మామయ్యా," అంది.

ఆయన చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. తిట్టినా బాగుండు అనుకుంది.

"తెగితే అత్తయ్య ఏం చేసేది?"

"ఏం చేస్తుంది? చెయ్యి కడుక్కొచ్చి మళ్లీ కూర్చునేది."

తెగిన ముక్క కోసం ఆమె నల్లగుడ్డ పరిచి వెతికింది. నాలుగైదు నూగు పోగులు కనిపించాయి. అందులో అత్తగారిది ఏదో, పొద్దుట్నుంచి తను తెంపినవి ఏవో తెలియలేదు. ఇంకాస్త దగ్గరికి వంగేసరికి తన ఊపిరికే అన్నీ లేచిపోయాయి.

వెళ్లి చెయ్యి కడుక్కొచ్చింది. రెండు పోగులూ తనే కట్టింది. సాయంత్రమైంది.

మర్నాడు మామగారు అద్దాలు రబ్బరు బుడ్డితో ఊది, దూదితో అద్ది, ఒక్కొక్కటే గొట్టంలోకి దింపి మరలు బిగించారు.  బిగించాక స్కోపు ఆమె చేతికిచ్చారు.

"చూడమ్మా."

కిటికీలోంచి చూసింది. వీధి చివర దండెం మీద ఎవరివో బట్టలు ఎదురుగా వచ్చి నిలబడ్డాయి. వాటి మధ్య రెండు నల్లటి గీతలు, సరిగ్గా కలిసి.

"ఎంత దగ్గరగా ఉందో! అత్తయ్య చూసి ఏమనేది?"

ఆయన గుడ్డ చేతిలోకి తీసుకున్నారు. బల్ల మీద లేని దుమ్ము తుడిచారు.

"చూడలేదమ్మా. కట్టి ఇచ్చేసి వంటింట్లోకి పోయేది. చూడవే అని నేను ఏనాడూ అనలేదు."

తుపాకీ మాస్టారు చెప్పినట్టే వచ్చాడు. ఒక కన్ను మూసి చూశాడు. మొహం వికసించింది. "అబ్బ! అదే సన్నం. ఆ విదేశీ తీగ ఇంకా మిగిలుందన్నమాట."

"విదేశీ లేదు, పాడూ లేదు మాస్టారూ," అన్నారు మామగారు. "సాలీడు దారం. ఎప్పుడూ అదే. కట్టేది మా ఆవిడ. ఇది మాత్రం మా కోడలు కట్టింది."

టీ గ్లాసులతో వచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగింది. స్కోపు లాక్కుని అరుస్తాడేమో అనుకుంది. మాస్టారు అరవలేదు. స్కోపు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు వచ్చాను మీ ఇంటికి! ఆవిడ ఇలాగే టీ తెచ్చి అక్కడ పెట్టి వెళ్లేవారు. నేను తల కూడా ఎత్తకుండా తాగేవాణ్ణి. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే, లేచి దణ్ణం పెట్టేవాణ్ణి కదండీ మేస్త్రిగారూ."

 మాస్టారు ఆ రోజు లేచి నిలబడే టీ తీసుకున్నాడు. ఆ మర్యాద తనకు అందుతుంటే కోడలికి చెయ్యి కాలినట్టైంది.

సాలీడును ఆమె మెట్ల కింద వదిలింది. ఉండమ్మా, ఇది నీ కొంపే అంది. తెల్లారేసరికి అది లేదు. ఫినాయిల్ వాసన ఇంకా పోలేదేమో. ఆ మూల చీపురు పెట్టడం మానేసింది. పిల్లల్ని అటు పోనివ్వడం మానేసింది. రోజూ పొద్దున్నే వంగి చూస్తుంది.

ఒకరోజు అలా వంగి చూస్తుండగా పక్కింటావిడ బిందె పట్టుకుని వచ్చింది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి వదినా. మీ అత్తగారు ఉన్నన్నాళ్లూ ఇటు చూడబుద్ధి అయ్యేది కాదు. ఇప్పుడు ఎంత కడిగిన ముత్యంలా ఉందో ఈ మూల!"

"ఆవిడకు నడుము బాగానే వంగేది వదినా," అంది కోడలు. "వంగదన్నది నేను కల్పించిన మాట."

"పోన్లే, పోయినవాళ్లందరూ మంచివాళ్లే," అని పక్కింటావిడ బిందె పంపు కింద పెట్టింది.

నీళ్లు పడుతున్నాయి. కోడలు మళ్లీ మెట్ల కిందికి వంగింది. గోడకు గోడ కలిసేచోట, మెట్టు అడుగున, ఎక్కడా ఒక్క పోగు లేదు. శుభ్రంగా ఉంది.