తాటికమ్మల చాటు

రాజమల్లయ్య గౌడు తాటిచెట్టెక్కే ముందు దాని మొదట్లో నిలబడి, నడుముకు మోకుతాడు సర్దుకుని, గొంతు సవరించుకుని, "ఎక్కుతున్ననో... చెట్టెక్కుతున్ననో..." అని పొలిమేర దాకా వినబడేట్టు కూసేవాడు. కూసి కొంతసేపు ఆగేవాడు. ఆ తర్వాతే కాలు పైకి లేచేది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి అతనికి వచ్చిన మర్యాద ఇది. తాటిచెట్టు కొసన ఉన్న మనిషికి కింది పొదలన్నీ అరచేతిలో పెట్టినట్టు కనబడతాయి. ఆ పొదల చాటుకే ఊరి ఆడవాళ్లు వస్తుంటారు. కాబట్టి ముందు హెచ్చరిక, తర్వాతే కల్లుగీత. ఆ రోజుల్లో సిద్దిపేట చుట్టుపక్కల ఏ అధికారీ ప్రజలకు ఇంత ముందుగా నోటీసు ఇచ్చి పని మొదలుపెట్టిన దాఖలా లేదు.

ఎనభైల మధ్యలో ఆ తాటివనం అంచునే ఊరికి హైస్కూలు వచ్చింది. ప్రభుత్వం గోడలిచ్చింది, కప్పు ఇచ్చింది, నల్లబల్ల ఇచ్చింది, జెండా ఎగరేయడానికి ఇనుప గొట్టం కూడా ఇచ్చింది. మరుగుదొడ్డి మాట ఎవరికీ గుర్తు రాలేదు. మగపిల్లలకు ఆ లోటు తెలియనే లేదు. బడి గోడ మొదలుకొని సిద్దిపేట రోడ్డు దాకా వాళ్లకు అంతా అదే. ఆడపిల్లలకు తాటివనం ఒక్కటే దిక్కు.

రాజమల్లయ్య కూతురు దుర్గవ్వ ఎనిమిదో తరగతి. లెక్కల్లో దిట్ట. కల్లు తాగవచ్చిన వాళ్లు మూడు సీసాల లెక్కకు తడబడుతుంటే, "నా బిడ్డనడుగుర్రి" అని రాజమల్లయ్య మీసం దువ్వేవాడు. ఆ బిడ్డ వానాకాలంలో ఒకనాడు తరగతిలో కళ్లు తిరిగి పడింది. తర్వాత కడుపునొప్పి అంది. ఆ తర్వాత తలనొప్పి అంది.

తండ్రి దీర్ఘంగా ఆలోచించి రోగనిర్ణయం చేశాడు. "లెక్కలు ఎక్కువైనయ్. తలకాయ ఉడుకెక్కింది."

వైద్యం కూడా ఆయనదే. నడినెత్తిన ఆముదం పెట్టించాడు. రోజూ బడికి పోయే ముందు పెద్ద చెంబెడు మజ్జిగ దగ్గరుండి తాగించాడు. చల్లదనం లోపలికి పోవాలి కదా! దుర్గవ్వ తాగలేక తాగలేక తాగి, దీనంగా తండ్రి ముఖం చూసి, బడికి పోయేది. ఆ వైద్యం నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు పిల్ల బడికి పోనని మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

"ఇగ బంజేయ్. చదివిన కాడికి చాలు. దసర పోయినంక పేరు తీయించొస్త" అన్నాడు రాజమల్లయ్య. ఆ మాట అని, తన ముఖం ఎవరికీ కనబడకుండా చెట్టెక్కి, మామూలు కంటే చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

మర్నాడు సాయంత్రం భారతమ్మ టీచరు ఇంటికి వచ్చింది. సిద్దిపేట నుంచి రోజూ బస్సులో వచ్చి లెక్కలు చెప్పే మనిషి. మంచం వాల్చి కూర్చోమన్న రాజమల్లయ్యను ఆమె, "గౌడ్‌సాబ్, మీరు జర అట్ల బయటికి పోయి రాండ్రి" అంది. తన ఇంట్లోంచి తననే పొమ్మనడం ఆయన మొదటిసారి విన్నాడు. అయినా పంతులమ్మ మాట, పోయాడు. లోపల భార్య లింగవ్వ, టీచరు, దుర్గవ్వ గుసగుసలాడుకున్నారు. ఇలాంటి విషయం మగవాళ్ల ముందు ఎత్తకూడదన్నది ఏ చట్టసభా చేయకుండానే దేశమంతటా అమల్లో ఉన్న చట్టం.

ఆ చట్టాన్ని లింగవ్వ రాత్రి అన్నం పెడుతూ ఉల్లంఘించింది.

"బిడ్డ బడికెందుకు పోతలేదో ఎరుకైందా నీకు?"

"తలకాయ ఉడుకు."

"ఉడుకు గాదు. నీ కూత."

"నా కూతనా?"

"బడిల నడిమి గంట కొట్టంగనే ఆడపిల్లలు తాటివనంలకు పోతరు. సరిగ్గ గప్పుడే నువ్వొచ్చి ఎక్కుతున్ననో అంటవు. లేసి ఉరుకుతరు. గంట ఐపోతది. ఇగ ఇంటికొచ్చేదాక బిగవట్టుకొని కూసునుడే. గందుకే పొద్దటి సంది మంచినీళ్లు ముట్టరు. కండ్లు తిరగయా మరి? గది చాలదని నీ చెంబెడు మజ్జిగొకటి!"

రాజమల్లయ్య చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఐతే రేపటి సంది కూయను."

"కూయకుంట ఎక్కుతవా?" లింగవ్వ నెత్తి కొట్టుకుంది. "ఊరి ఆడోళ్లంత ఒక్కటై నీ మోకు కోసి బాయిల పారేస్తరు!"

గీత ఆపితే పొయ్యి ఆగుతుంది. పగటి కల్లు పొద్దుగూకే దాకా ఆగితే పులిసిపోతుంది. ఇక మిగిలిన మార్గం ఒక్కటే. ఆదివారం నాడు రాజమల్లయ్య బడి వెనక గుంత తవ్వాడు. రెండు బండలు పరిచాడు. చుట్టూ తాటిమట్టలు పాతి, కమ్మలతో దడి, దానికో తలుపు అల్లాడు. ఆకాశం వైపు నుంచి తొంగిచూడగల ప్రాణి ఊళ్లో తానొక్కడే కాబట్టి, పైన కప్పు కూడా వేశాడు. ఒక్క పొర వేసి, చెట్టెక్కి చూసి, తృప్తి లేక దిగివచ్చి రెండో పొర వేశాడు. పాత కల్లుకుండ ఒకటి కడిగి నీళ్లకు పెట్టాడు.

సోమవారం హెడ్మాస్టరు సిద్ధయ్య దాని చుట్టూ ప్రదక్షిణ చేసి, "బడి జాగల పర్మిషన్ లేకుంట కట్టడమా?" అన్నాడు.

"కట్టడమేంది సార్, కమ్మలు. గాలికి రాలి గిట్ల పడ్డయ్" అంది భారతమ్మ.

"తలుపుతో సహా పడ్డయా?"

"మంచి గాలి సార్."

సిద్ధయ్యకు కూడా ఆడపిల్లలున్నారు. గాలి మీద ఆయన ఇంకేమీ అడగలేదు. పైగా కుండ నింపే బాధ్యత మగపిల్లలదని ప్రార్థనలో ప్రకటించాడు.

దుర్గవ్వ ఆ వారంలోనే బడికి పోయింది. మానేసి ఇంట్లో కూర్చున్న మరికొందరూ ఒక్కొక్కరే వచ్చారు. రాజమల్లయ్య అంతకుముందులాగే కూసేవాడు. ఇప్పుడా కూతకు ఎవరూ ఉరకనక్కర్లేదు. ఊరి తల్లులు ఆయనకు కృతజ్ఞత చెప్పాలనుకున్నారు గానీ, ఫలానా దానికని నోరు విడిచి చెప్పేదెట్లా? కిష్టవ్వ ఒక సొరకాయ తెచ్చి గడపలో పెట్టి, "ఊకెనే తెచ్చిన" అంది. ఇంకొకామె సర్వపిండి తెచ్చింది, ఊకెనే. ఆ ఏడాది ఆ ఇంట్లో ఊకెనే వచ్చిన కూరగాయలతోనే చాలా పూటలు గడిచాయి.

ఎండకు కమ్మలు ఎండిపోయేవి, గాలికి కప్పు లేచిపోయేది. ఏటా బడి తెరిచే ముందు ఆయన కొత్త కమ్మలు కప్పేవాడు.

దుర్గవ్వ పదో తరగతి పరీక్షలకు సెంటరు సిద్దిపేటలో పడింది. తండ్రీ కూతుళ్లు తెల్లవారుజాము బస్సుకు వెళ్లారు. అందరూ గోడకు అంటించిన నంబర్లు వెతుకుతుంటే, రాజమల్లయ్య సరాసరి భవనం వెనక్కి నడిచాడు. అక్కడ తాళంచెవులు పట్టుకుని ఒక ఆయమ్మ ఉంది.

"అమ్మా, ఆడపిల్లల దొడ్డి ఏడ?"

"పరీక్ష నీకా, నీ బిడ్డకా?"

"బిడ్డకే. జర తాళం తీసి సూపియ్యమ్మా."

ఆయమ్మ వింతగా చూసి తాళం తీసింది. రాజమల్లయ్య లోపలికి తొంగిచూశాడు. సిమెంటు గోడలు, పైన స్లాబు, పంపులో నీళ్లు. ఆయనకు కళ్లు చెమర్చాయి. ఆయమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"ఇగ తాళమెయ్యకు తల్లీ. నీకు పుణ్యముంటది."

ఇంతలో దుర్గవ్వ వెతుక్కుంటూ వచ్చింది. "బాపూ! ఈడేం జేస్తున్నవ్? నా నంబరు దొరికింది, గంట కొడుతున్నరు!"

"దొరికిందా? ఐతే ఉరుకు. ఇటు దిక్కు అంత మంచిగనే ఉన్నది. నువ్వు నిమ్మళంగ రాసి రా."