వంకర పైపుల ఈరయ్య మామ

నేరుగా పోయే పైపంటే మా ఈరయ్య మామకు గిట్టదు. తాండూరులో ఆయన ఇంటి వెనక నాపరాళ్లతో కట్టుకున్న చేపల కొలను ఉంది. అందులో నీళ్లను చిన్న మోటారు లాగి, పైపులో తిప్పి, మళ్లీ అందులోనే పోస్తుంది. దీనికి మూరెడు పైపు చాలు. మామ పైపు మాత్రం జామచెట్టును చుట్టి, పక్కింటి గోడ పొడవునా పాకి, అలసిపోయి తిరిగొస్తుంది.

"ఎందుకు మామా ఇన్ని వంపులు?"

"నీళ్లు గూడ జర ఊరు సూడొద్దారా?"

జీవితమంతా పాలిషింగు యూనిట్‌లో బండలను సూటిగా కోసిన మనిషి. ఇప్పుడు ఆ సూటిదనం మీద పగ తీర్చుకుంటున్నాడని నా అనుమానం. పరిగి పోవాలన్నా, ఎదురు దిక్కున ఉన్న బషీరాబాద్ మీదుగా పోదామంటాడు.

"పెండ్లిచూపులకు గూడ ఊరంత తిరిగొచ్చిండు. చాయ్ సల్లారిపాయె" అంటుంది మైసమ్మత్త.

ఈ ఏప్రిల్‌లో కొలను అడుగంటసాగింది. పొద్దున నింపితే సాయంత్రానికి చేపల వీపులు తేలుతున్నాయి. మామ నన్ను పిలిచాడు.

"అల్లుడా, పైపు కారుతుంది. కొద్దిగ బాగుజెయ్యి. మస్తు బాగుజెయ్యకు."

"అంటే?"

"కొద్దిగ అంటే కొద్దిగనే. ఇంక గోడ చివరిదాక పొడిగియ్యి."

ఉన్న నీళ్లే నిలవడం లేదు, పొడిగింపట. నేను ప్లంబింగు నేర్చుకున్నది వికారాబాద్‌లో పాత పుస్తకాల బండి మీద దొరికిన పుస్తకం చదివి. సగం బాగుచేయడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఈ ఊళ్లో చదివినవాడి మాటకు ఎటూ విలువ లేదు, కనీసం పైపైనా వింటుందనుకున్నాను.

గోడ పక్క పైపు మలుపు తిరిగే బెండు దగ్గర పగులు దొరికింది. నీళ్లు గోడ నాపరాళ్ల సందుల్లోంచి అవతల పక్కింటి వజీరాబీ పుదీనా మడిలోకి జారుతున్నాయి. ఆమె బోరు ఎండిపోయింది. ఆ పుదీనా అమ్మితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అయినా ఎవరైనా బకెట్ నీళ్లిస్తామంటే బకెట్‌తో సహా వెనక్కి పంపే మనిషి. నేను మాత్రం పుస్తకం చెప్పినట్టే బెండు మార్చి, పైపు పొడిగించి, చుక్క కారకుండా బిగించాను.

మర్నాటికి పుదీనా తలవాల్చింది. గోడ అవతల నుంచి, మామ అక్క వరసగా ఆపా అని పిలిచే వజీరాబీ గొంతు వినిపించింది.

"ఈరయ్యా, నీ పైపు కారుతలేదేంది?"

"మాఫ్ జెయ్యి ఆపా. పిల్లగాడు తెల్వక బాగుజేసిండు."

"రోజు గోడ తడుస్తదని తిడుతుంటి. ఇగ తిట్టనీకి గూడ లేకపాయె."

నాకేమీ అర్థం కాలేదు. మామ నన్ను జామచెట్టు కిందికి లాక్కెళ్లాడు.

"ఇస్తనంటే తీసుకోదురా. కారితే తిట్టుకుంట వాడుకుంటది. పగులు పెద్దగయి చేపల పానం మీదికొచ్చింది, అందుకే కొద్దిగ బాగుజెయ్యమన్న."

ఇన్నేళ్ల వంపులన్నీ ఆ గోడను చేరడానికేనని అప్పుడు తెలిసింది. మేకు కాల్చి, కొత్త పైపుకు మడి పొడవునా సన్నటి రంధ్రాలు పెట్టాను. చేపలకు సరిపడా ఉంచి, మిగతాది గోడ అవతలికి.

సాయంత్రం వజీరాబీ మళ్లీ అందుకుంది. "కొత్త పైపు గూడ గిట్లనేనా? ఏం పనోన్ని వెట్టినవయ్యా." ఆ తిట్టు వెనకే గోడ మీదుగా పుదీనా కట్ట వచ్చిపడింది.

ఇప్పుడు వీధిలో నాకు పని రాదని పేరు. మామ మాత్రం నన్నే పిలుస్తాడు.

"అవతల ఆపా కొత్తిమీర గూడ ఏస్తున్నది. ఇంకో వంపు తిప్పురా."