ఆకుపచ్చ మూత

లచ్చన్న నూనెను కళ్ళతో చూడడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక చుక్క రాసి, కళ్ళు మూసుకుంటాడు. మెట్‌పల్లి లారీ షెడ్డులో అబ్బిన అలవాటది. వేళ్ళు ఏం చెబితే అదే నిజం.

1973లో ఒమాన్ వచ్చింది మాత్రం తట్ట మోయడానికి. అల్ సువైక్‌లో సైట్ పక్కన, కొత్త తారురోడ్డు మీద ఒకరోజు ఓ పొడవాటి ఇటలీ కారు ఆగిపోయింది. ముక్కు మీద త్రిశూలం. మసెరాటి క్వాట్రోపోర్టే. ఆ పేరుకు నాలుగు తలుపులనే అర్థం. పరుగుపందేల ఇంజిన్ను ఇంటిల్లిపాదీ కూర్చునే బండిలో పెట్టారు. ఎనిమిది సిలిండర్ల బలం వెనక చక్రాలకు వెళ్ళేది. లచ్చన్న తట్ట దించి, కార్బురేటర్‌లోని ఇసుక ఊదేశాడు. బండి గొంతు విప్పింది. దాని యజమాని, ఖర్జూర వర్తకుడు అబ్దుల్ వహాబ్, కంపెనీతో మాట్లాడి అతన్ని తన షెడ్డుకు తెచ్చుకున్నాడు.

నాలుగేళ్ళ తర్వాత అబ్దుల్ వహాబ్ కోసం అదే పేరుతో కొత్త బండి ఓడ దిగింది. తరం మారింది. ఇప్పుడు ఆరే సిలిండర్లు, లాగేవి ముందు చక్రాలు. స్ప్రింగులు లేవు. బ్రేకు, స్టీరింగు, నేల నుంచి బండి ఎత్తు, అన్నీ ఒకే నూనె ఒత్తిడి మీద నడుస్తాయి. పేరూ త్రిశూలమూ మారలేదు కదా, తల్లి తిన్నదే బిడ్డా తింటుందనుకున్నాడు లచ్చన్న. నూనె తగ్గిందని పాత బండి బ్రేక్ ఆయిలే పోశాడు. రెండో రోజుకు రబ్బరు రింగులు ఉబ్బాయి. బండి పొట్ట నేలకానించి కూర్చుంది.

"ఏమాయెరా, నీ ఒంటె అలిగిందా?" అన్నాడు షెడ్డు పెద్ద నసీరుద్దీన్. అతనిది నిజామాబాద్.

"పోసింది నేనే, నసీర్ భాయ్."

"పుస్తకం చూడొద్దా?"

"ఇటలీ అక్షరం నాకేమెరుక? వేళ్ళకు అదే జిగురు తాకింది."

"నీ వేళ్ళు మెట్‌పల్లి దాటి రాలే."

అబ్దుల్ వహాబ్ అరవలేదు. వచ్చీరాని హిందీలో చెప్పాడు. "శుక్రవారం నిజ్వాలో పెళ్ళి. అప్పటికి ఇది లేవకపోతే, శనివారం నుంచి నీ డ్యూటీ సైట్‌లో."

లచ్చన్న తల ఊపాడు. నాలుగేళ్ళ కింద దించిన తట్ట బరువు మెడ మీద మళ్ళీ వాలింది.

మూడు పగళ్ళు బండి కింద నుంచి లేవలేదు. ఒక్కో గొట్టం విప్పాడు. విప్పినదాన్ని విప్పిన వరసలో గోనెసంచి మీద పేర్చాడు. ఉబ్బిన రింగులు తీసి, డిక్కీలో బండితోపాటు వచ్చిన పెట్టెలోని కొత్తవి తొడిగాడు. కావలసింది ఆకుపచ్చ ఖనిజ నూనె అని నసీరుద్దీన్ పుస్తకంలోని బొమ్మ చూసి చెప్పాడు. మస్కట్‌లో ఫ్రెంచి సర్వే వాళ్ళ కార్లకూ అదే వాడతారని తెలిసి, లచ్చన్న మర్నాడు లారీలో పోయి మూడు డబ్బాలు తెచ్చాడు. ఒకటిన్నర డబ్బా గొట్టాలు కడగడానికే పోయింది. చివరికి బయటికొచ్చిన నూనె లేత ఖర్జూరాకు రంగులో ఉంది. ఈసారి వేళ్ళకు రాసుకోలేదు. ఎండలో పట్టి చూశాడు.

శుక్రవారం పొద్దున అబ్దుల్ వహాబ్ తెల్లని దుస్తుల్లో వచ్చి నిలబడ్డాడు. లచ్చన్న తాళం తిప్పాడు. ఇంజిన్ మోగింది. బండి నేల నుంచి లేవలేదు.

"పెట్టె సర్దుకో," అన్నాడు నసీరుద్దీన్ మెల్లగా.

"ఆగు భాయ్. నూనె పారనియ్యి."

మొదట వెనక భాగం లేచింది, మోకాళ్ళ మీది ఒంటె లేచినట్టే. ఒక్క క్షణం ఆగి, ముందు భాగమూ లేచింది. దాని కింద ఇసుక మీద వెలుతురు పరుచుకుంది.

అబ్దుల్ వహాబ్ ఎక్కి కూర్చుని, అద్దం దించాడు. "శనివారం పాత బండి చూడు. దగ్గుతోంది."

కారు నిజ్వా దారి పట్టింది. సాయంత్రం అది తిరిగొచ్చేసరికి లచ్చన్న చిన్న రంగు డబ్బా, కుంచె పట్టుకుని వాకిట్లోనే ఉన్నాడు. బానెట్ ఎత్తి, ఆ నూనె పోసే చోటి మూత తుడిచి, దానికి ఆకుపచ్చ రంగు పూశాడు.