అవ్వ పురి చుట్టిన గాజు తొట్టి

బస్తర్ సంస్థానం రోజుల్లో మా చిన్నాయన జగదల్‌పూర్‌లో ఒక పెద్ద గాజు తొట్టి కొని, ఎడ్లబండి మీద భోపాల్‌పట్నం తెచ్చాడు. వెంట కుండలో నాలుగు ఎర్రచేపలు వచ్చాయి.

చలి ముదిరేసరికి చేపలు అడుగున చేరి కదలడం మానేశాయి. చిన్నాయన రెండు పూటలా వేడినీళ్లు కలిపాడు. ఆ ఆవిరికి గదంతా చెమ్మెక్కి, మూలన గంపలో ఉన్న ఇప్పపువ్వుకు బూజు మొదలైంది. తిండి తగ్గే నెలల్లో మాకు ఆ పువ్వే దిక్కు.

"ఈ చెమ్మ ఆగకుంటే నీ చేపలు పులుసులకు పోతయ్ బిడ్డా," అంది అవ్వ.

చిన్నాయన సంస్థానం కూలినట్టు కూర్చున్నాడు. చింతపండు నానబెట్టనా అని అడిగి ఒక దెబ్బ తిన్నాను.

ఆయన తొట్టి మీద గొంగడి కప్పాడు. అది నీళ్లు పీల్చి నేలంతా కార్చింది. అప్పుడు అవ్వే లేచింది. వడ్లు దాచేందుకు పురి కట్టినట్టు తొట్టి చుట్టూ గడ్డితాడు చుట్టింది. విస్తరి కుట్టినట్టు అడ్డాకులు కుట్టి మూత వేసింది. ఆవిరి ఆకుల అడుగున చుక్కలై మళ్లీ నీళ్లలోనే పడింది. గది ఆరింది, నీళ్ల వేడీ నిలిచింది.

"ఏందమ్మా, చూద్దామని తెస్తే కనబడకుంట చేసినవ్?"

"చలి పోయినంక చూస్కో. అప్పటిదాంక బతకనియ్."

ఆ చలికాలమంతా చేపలు చూడ్డానికి వచ్చినవాళ్లకు నేను గడ్డి చూపించాను. రోజూ పొద్దున్నే మూత ఎత్తి చూసింది మాత్రం అవ్వే. పులుసు కోసమా అని అడిగాను. ఆమె నాలుగూ లెక్కపెట్టుకుని, మూత మెల్లగా దించింది.