తలుపులకు కొట్టిన తోలు పట్టా

సూరత్‌లో మా ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. వంటింటి తలుపు, బాత్‌రూమ్ తలుపు ఒకే మూలకు తెరుచుకునేవి. రెండూ తీస్తే ఒకదాన్నొకటి రాసుకుని రంగు లేచిపోయేది. విసురుగా లాగితే దబ్బున కొట్టుకునేవి. మా మేడ నిండా మరమగ్గాల మోతకు చెవులు మొద్దుబారినవాళ్ళే. మామూలు మాటైనా అరిచే చెప్పేవాళ్ళం.

లాక్‌డౌన్‌తో కార్ఖానా మూతపడి మా ఆయన ఇంట్లో పడ్డాడు. స్నానానికి వెళ్తూ తలుపు లాగితే అది వంటింటి తలుపుకు తగిలేది. "ఏందే ఇది, జర జరుపరాదు?" అని దాన్ని కాలితో తన్ని, ఆ ఊపులోనే నన్నూ కొట్టేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఒకసారి అట్లకాడతో మోచేతి మీద ఒక్కటిచ్చాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. జుట్టు పట్టి నా తల గోడకేసి కొట్టాడు.

అలాంటప్పుడే ఎదురింటి పెద్దమ్మ మాస్కు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. "కల్యమాకు ఉన్నదా బిడ్డా?" పెద్దావిడ ముందు ఆయన చెయ్యి దించేవాడు. ఈవిడకు రోజూ ఇంత కరివేపాకు ఎందుకో అని నాకు విసుగు.

తలుపులు రాసుకోకపోతే నాకు దెబ్బలూ ఉండవని నా తెలివికి తోచింది. దుకాణాలు తెరిచి లేవు. ఎప్పుడో కార్ఖానా నుంచి తెచ్చిన పాత తోలు పట్టా ఉంటే ముక్కలు కోసి, రెండు తలుపుల అంచులకూ మేకులతో కొట్టాను. ఎంత బాగా కుదిరిందో! విసిరినా చప్పుడు లేదు. నాలుగు రోజులు ఇల్లు హాయిగా ఉంది.

అయిదో రోజు పప్పులో ఉప్పెక్కువైందని మొదలుపెట్టాడు. నన్ను ఆ రెండు తలుపుల మధ్యకు తోసి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. భుజం పటుక్కుమంది. వద్దు, వద్దు అని గొంతు చించుకున్నాను. ఎవరూ రాలేదు. ఆయనకే ఆయాసం వచ్చి వదిలేదాకా దెబ్బలు తిన్నాను.

సాయంత్రం వరండాలో పెద్దమ్మ కనబడితే ఒళ్ళు మండి నిలదీశాను. "అంతగనం మొత్తుకున్న, నీకు ఇనవడలేదా?"

"ఇనవడ్డది బిడ్డా. మాట్లాడుకుంటున్నరనుకున్న. మనోళ్ల మాటలే గట్లుంటయి గద. నీ తలుపులు కొట్టుకుంటేనే నేనొచ్చేది."

వాచిన నా భుజం చూసి ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. లోపలికి వచ్చి, బాగున్న చేత్తో పట్టుకారు తీసి మేకులు పీకడం మొదలుపెట్టాను.

"ఎందుకు పీకుతున్నవ్?" అన్నాడు మంచం మీద నుంచి.

"నువ్వు కొడితే పెద్దమ్మకు ఇనవడాలె."

ఆయన లేచి కూర్చున్నాడు గానీ నా దగ్గరకు రాలేదు. చివరి మేకు ఊడేదాకా నేను ఆగలేదు.