దేవసహాయం కోసం చదివిన పేర్లు

పలమనేరు పాల కేంద్రంలో జ్ఞానాంబ ఇరవై ఏళ్ళుగా పాలలో వెన్న శాతం చూస్తోంది. తెల్లవారగానే క్యాన్లతో వచ్చే రైతులంతా ఆమెకు పేరుపేరునా తెలుసు. ఆదివారం మాత్రం ఆ పని తొందరగా ముగించి చర్చికి పరుగెత్తేది. ఎవరింట్లో ఎవరు మంచాన పడినా భర్త దేవసహాయంతో కలిసి వెళ్ళి ప్రార్థన చేసి వచ్చేది. కన్నుమూసే వాళ్ళ చెయ్యి పట్టుకొని ఆ ఇద్దరూ ఎన్ని పాటలు పాడారో.

కరోనా రెండోసారి దేశాన్ని ఊపేసిన ఏడు, మే నెలలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఆమెను పలమనేరులోనే ఉంచారు. ఆయనకు ఊపిరి అందక చిత్తూరు తీసుకుపోయారు. ఐదో రోజు ఆయన పోయాడని ఫోను వచ్చింది. కూతురు ప్రశాంతి బెంగళూరులో చిక్కుకుపోయింది, జ్ఞానాంబ మంచం దిగలేని స్థితిలో ఉంది. ఆస్పత్రి నుంచి నేరుగా తీసుకుపోయి ఊరవతల పూడ్చేశారని తర్వాత తెలిసింది. కోలుకున్నాక వెళ్ళి చూస్తే వరసగా మట్టి దిబ్బలు. ఆయనది ఏదో చెప్పేవాళ్ళు లేరు.

చావు అందరికీ వస్తుందని ఆమె ఒప్పుకుంది. ఎందరి దగ్గరో నిలబడి ప్రార్థించిన మనిషిని ఒక్క మాటైనా లేకుండా మట్టిలో పెట్టారే, దాన్ని ఒప్పుకోలేకపోయింది. చర్చికి వెళ్ళేది, పాటలకు పెదవులు కదిపేది. ఇంటికొచ్చి మోకరిస్తే మాట వచ్చేది కాదు. ప్రార్థన చేసుకుంటున్నావా అని పాస్టరుగారు అడిగితే తలాడించేది. మూడేళ్ళు అలాగే గడిచాయి.

నిరుడు వానాకాలంలో ఎల్లప్ప అనే అతను కొత్తగా కేంద్రానికి పాలు తేసాగాడు. చిత్తూరు చుట్టుపక్కల జేసీబీ నడిపి, నడుము నొప్పితో మానేసి, అత్తగారి ఊరొచ్చి రెండు ఆవులు కొనుక్కున్నాడు. మాట తక్కువ మనిషి. ఒకరోజు ఎవరో ఆమెను దేవసహాయం భార్య అనడం విని, క్యాను చేతిలో పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. అందరూ వెళ్ళేదాకా ఆగాడు.

"అమ్మా, మీ ఆయప్ప కరోనాలో పోయినాడా? చిత్తూర్లో?"

ఔనంది.

"నేనేమ్మా మట్టి చేసింది."

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ రోజు ఏడు శవాలు వచ్చాయట. మిగతావాళ్ళ కోసం ఎవరో ఒకరు దూరంగానైనా నిలబడ్డారు, ఈయన కోసం ఎవరూ లేరు. వెంట వచ్చిన సంచిలో కళ్ళజోడు, తువ్వాలు, కొత్త నిబంధన అనే చిన్న బైబిలు పుస్తకం ఉన్నాయి. అట్ట లోపల ఆయన పేరు రాసి ఉంది.

"ఒగ మాట గూడా లేకుండా పూడ్సేదానికి మనసు రాలేదమ్మా. మీ ప్రార్థన నాకు రాదు. మిషను ఆపి దిగి, ఆ బుక్కు తెరిసి మొదుట్నించి సదివినా. అన్నీ పేర్లే. ఎవురికి ఎవురు పుట్టినారో, అంతే. నోరు తిరక్కపోయినా ఒగటి గూడా ఇడసలేదు."

"యాడిదాకా సదివినావప్పా?"

"ఏసు పుట్టేదాకా. ఆడికి పేర్లు అయిపోయినాయి."

ఆ వంశావళిని ఆమె చిన్నప్పటినుంచీ వింటోంది. చర్చిలో చదివేటప్పుడు జనం దగ్గుతారు, పిల్లలు ఆవలిస్తారు. ఆమె కూడా ఎన్నోసార్లు పేజీ తిప్పేసింది. ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు కనిపించింది: మండుటెండలో, ప్లాస్టిక్ గౌనులో చెమటలు కారుతూ, గుంత అంచున నిలబడి ఒక జేసీబీ డ్రైవరు తానెరగని దేవుడి పూర్వీకులను అక్షరాల కింద వేలుపెట్టి ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. తరాల తరబడి పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు. అందరి తర్వాత ఆ బిడ్డ. దేవుడు అక్కడికి రాలేదనుకొని ఇన్నేళ్ళూ ఆ దేవుడితోనే మాట మానేసింది తాను.

పుస్తకం ఏమైందని అడిగింది. ఆయన ఎదమీదే పెట్టి పూడ్చానన్నాడు.

ఆ ఆదివారం ఎల్లప్ప దంపతులతో కలిసి చిత్తూరు బస్సెక్కింది. అతను తడుముకోకుండా నాలుగో దిబ్బ దగ్గరికి నడిచాడు. తలవైపు తనే పాతిన గుండురాయిని చూపించాడు. జ్ఞానాంబ మోకరించింది. మొదట ఏడుపు, ఆ వెనకే మాట వచ్చింది. చాలాసేపు ప్రార్థించింది. లేచి, పక్క దిబ్బలు ఎవరివని అడిగింది. ఒకటి పుత్తూరు బడి అయ్యవారిదట, ఒకటి గాజులమ్మే ఆమెదట, ఇంకొకటి ఎవరిదో అతనికీ తెలియదు. వాళ్ళ దగ్గరా ఆగి ప్రార్థించింది.

అక్కడినుంచే ప్రశాంతికి ఫోను చేసింది.

"నాయనకు వాక్యం చదివినారమ్మా."

అవతల ఏడుపు చాలాసేపటికి గాని ఆగలేదు. తర్వాత, చదివింది ఎవరని ప్రశాంతి అడిగింది. జ్ఞానాంబ ఫోను ఎల్లప్ప చేతికిచ్చింది.