ఎనుము ఒప్పుకోని దూడ

వీధి వీధంతా ఫోటోలు తీసుకున్న ఆ గడ్డిదూడ గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చచ్చిపోయిన దూడ తోలు ఒలిచి, లోపల వరిగడ్డి కూరి, కుట్టి తల్లి గేదె ముందర నిలబెట్టడం మా నాయన పని. ఎనుము దాన్ని తన బిడ్డే అనుకుని నాకితే పాలు చేపుతుంది. లేకపోతే పొదుగు రాయిలా గట్టిపడి, కొన్నాళ్లకు ఎండిపోతుంది. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకున్నాక ఆ పని నాకు అబ్బింది. ఇప్పుడు అందరూ సూదిమందు పొడిచి పిండుకుంటున్నారు, నన్ను పిలిచేవాళ్లు తక్కువ.

నగరి దారిలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల, వరసకు అత్తయ్యే ఆవిడ ఉంది. మొగుడు పోయాక ఆమెకున్న ఆధారం ఒక్క ఎనుమే. రెండు పూటలా పాలవ్యానుకు పోసి బతుకుతుంది. పోయినేడాది దాని దూడ పుట్టిన పన్నెండో రోజున చచ్చిపోయింది. అప్పుడు నేను గూడూరులో నిమ్మకాయల లారీ మీద ఉన్నాను. నాలుగు రోజులకు తిరిగొచ్చేసరికి ఆమె తమ్ముడి కొడుకు తిరుపతి నుంచి వచ్చి పని కానిచ్చేశాడు. వాడు ఎగ్జిబిషన్లకు పులుల బొమ్మలూ జింకల బొమ్మలూ చేస్తాడు.

అబద్ధం ఎందుకు, చెయ్యి తిరిగినవాడే. కుట్టు ఎక్కడా కనపడదు. మెడ కింద మడత, మోకాలి దగ్గర ఎముక, ముక్కు మీద తడి మెరుపు, అన్నీ దించాడు. గాజు కళ్లు నన్నే చూస్తున్నాయి. వెంట్రుకలకు షాంపూ పెట్టి, దువ్వి, పైన వార్నిష్ కొట్టాడు. పెళ్లిచూపులకు బయలుదేరినట్టుంది దూడ.

"ఎట్లుండాదన్నా?" అన్నాడు చేతులు కట్టుకుని.

"నా తల కూడా ఇంత నున్నగా ఎవురూ దువ్వలేదప్పా. ఎనుము ఏమనింది?"

వాడి బదులు అత్త చెప్పింది. "మూతి పెట్టి బుస్సుమనిందిరా. మల్లా మొగం తిప్పుకొనింది. రెండు దినాలాయ, పిండితే గలాసుడు గూడా రాలా."

ఎనుము పొదుగు ముట్టుకోనివ్వడం లేదు. గేటు వైపు చూసి అరుస్తోంది.

నేను దూడ వెనక్కి వెళ్లాను. మా నాయన చేసిన దూడలకు కళ్లుండేవి కావు. కొన్నిటికి చెవి ఒకటే. గోతాం కుట్లు. చూసి పిల్లలు జడుసుకునేవాళ్లు. కానీ తోక కింద తోలుకు మాత్రం ఆయన చుక్క నీళ్లు తగలనిచ్చేవాడు కాదు. దూడ పాలు తాగేటప్పుడు తల్లి వాసన చూసేది అక్కడే. ఈ దూడకు అక్కడ కొత్త నల్ల గుడ్డలాంటిది మెరుస్తోంది.

"ఈడ తోలు యాడికి పాయ?"

"అదా. పేడ అంటుకొని గబ్బు కొడతా ఉంటే కోసేసినా. రెక్సిన్ ఏసినా. తెలీలేదు గదా?"

"నాకు తెలీలా. దాన్నడుగు."

"అందురూ మొగం సూసి మెచ్చుకుంటే నువ్వేందన్నా ఎనకాల సూస్తావు?"

"అట్లయితే పో, మెచ్చుకున్నోళ్లను పిండుకోపో."

"వాన్ని అనొద్దురా," అంది అత్త. "పాపం, రెండు రాత్రులు కండ్లు మూయకుండా చేసినాడు." అంటూనే కొంగుతో ఆ గాజు కళ్ల మీద దుమ్ము తుడిచింది. నాకు వాడి మీద కన్నా ఆమె మీద ఎక్కువ కోపం వచ్చింది. పక్కన ఎనుము గొంతు పగిలేలా అరుస్తోంది, ఈమె బొమ్మకు కళ్లు తుడుస్తోంది.

కోసేసిన ముక్క పేడకుప్పలో ఉందన్నాడు. చేతుల్తోనే తవ్వాను. అరచేతంత తోలు, దాని చివర తోక మొదలు దొరికింది. కుళ్లు వాసన మొదలైంది, అయినా అసలు వాసన పోలేదు. ఒక గోతాంలో గడ్డి కూరి, దాని కొసకు ఆ ముక్క కుట్టి, ముక్కకు తగలకుండా గోతాం మీద మాత్రం ఉప్పునీళ్లు రాశాను. కాళ్లు లేవు, తల లేదు. దూడ ఎత్తున ఎనుము పక్కన పట్టుకుని నిలబడ్డాను. అత్త చెంబు పట్టుకుని కూర్చుంది.

ఎనుము చాలాసేపు వాసన చూసింది. తర్వాత నాలుక బయటికి వచ్చింది. చెంబులో మొదటి ధార పడ్డ చప్పుడు విన్నాను.

అప్పుడు వాడు ఫోన్ తీశాడు. గోతాం కనపడకుండా తన దూడను ఎనుము మూతి దగ్గరికి జరిపాడు. "అన్నా, రోంత పక్కకు జరుగు. వీడియోలో నువ్వు పడతాండావు."

వార్నిష్ వాసనకు ఎనుము తల విదిలించింది. ధార ఆగిపోయింది.

అత్త తల ఎత్తలేదు. "నాయనా, నీ దూడను ఎత్తుకొని బయటికి పో."

"అది కాదత్తా, నేను ఇంత కష్టపడి..."

"బాగుండాదిలే. బయట పెట్టుకో."

వాడు గొణుగుతూ ఎత్తుకుపోయాడు. కాసేపటికి ఎనుము మళ్లీ గోతాం వైపు మూతి తిప్పింది. నా దగ్గర వాడి కోసం బూతులు వరసకట్టి ఉన్నాయి. గొంతు లేపితే ఎనుము బెదురుతుంది. చేతులు గుంజుతున్నా, ఆమె పిండడం అయ్యేదాకా ఆ గబ్బు గోతాన్ని పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాను.